రాగిపిండిలో జపాన్ సినిమా

అరబ్బు దేశంలో, మిష్రిఫ్ అనే పేటలో నేను వంట చేసే విల్లా మేడ మీద ఒక జపాన్ కుర్రాడు అద్దెకుండేవాడు. వారమంతా ఆఫీసు, శుక్రవారం మాత్రం కెమెరా. తనలాంటి కొత్తవాళ్లు సొంతంగా తీసిన చిన్న సినిమాలు వేసే హాలు వాళ్ల ఊళ్లో ఒకటుందట. తన మొదటి సినిమా అక్కడ ఆడాలని అతని ఆశ. ఆ సినిమా ఏమిటనుకున్నారు? నేను రాగిసంగటి కెలకడం! మూడు నిమిషాలు.

మేమిద్దరం వచ్చీరాని అరబ్బీలో మాట్లాడుకునేవాళ్లం. కోపమొస్తే నాకు తెలుగే. "పాట ల్యాక, కొట్లాట ల్యాక ఎవురు జూస్తారబ్బీ?" అన్నాను. అతను పడీపడీ నవ్వాడు.

అంతలో ఇరాక్ సైన్యం దిగింది. జపాన్ వాళ్లంతా ఒకచోట చేరుతున్నారని అతనూ బయలుదేరాడు. దారిలో సోదా చేసి ఫిల్ము లాక్కుంటారని భయం. కడిగించి తెచ్చుకున్నది ఆ ఒక్క రీలే. దాని రేకు డబ్బా నా చేతిలో పెట్టి, "అక్కా, నువ్వే" అన్నాడు. ఏడుపొచ్చింది నాకు. పైకి మాత్రం "పో, పో, జాగర్త" అని కసిరాను.

డబ్బాను మా ఊరి నుంచి తెచ్చుకున్న రాగిపిండి డబ్బాలో పాతిపెట్టాను. సైనికులు రానే వచ్చారు. టీవీ ఎత్తుకున్నాక ఒకడు పిండిలో చెయ్యి పెట్టబోయాడు. ఇదేమిటని అడిగాడు. గబగబా వేడి సంగటి ముద్ద ఒకటి అందించాను. సంగటి మింగాలి గానీ నమలకూడదని ఆ మహానుభావుడికి ఏం తెలుసు? కసకసా నమిలాడు. పళ్లకు అతుక్కుపోయింది. "ఖలాస్, ఖలాస్!" అంటూ బయటికి పరిగెత్తాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బొమ్మలు చెరిగిపోయాయేమోనని పిండి చేతులతోనే రీలు విప్పి చూశాను. గోరంత నేను, గోరంత తెడ్డు. మళ్లీ చుట్టేశాను. అంత తెలివితక్కువ పని జన్మలో చేయలేదు.

జోర్డాన్ మీదుగా ఇంటికి చేరాక, మూత మీదున్న అడ్రసుకు పోస్టు చేశాను. చాలా నెలలకు ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ముందు, బతికే ఉన్నాడని ఏడ్చాను. తర్వాత కూడబలుక్కుని చదివాను.

సినిమా ఆడిందట. తెరంతా నల్లటి చుక్కలేనట. వంటగదిలోకి ఇసుక తుఫానును ఎలా రప్పించావని అందరూ అడిగారట. "అది నీ పిండి అక్కా, నేను తుడవలేదు. దర్శకుడిగా నా పేరు పక్కన నీ పేరు కూడా వేశాను" అని రాశాడు.

ఆ ఉత్తరం ఒక చేత్తో, తెడ్డు ఒక చేత్తో పట్టుకుని ఎన్నిసార్లు చదివానో, ఆ పూట సంగటి మాడిపోయింది.