బావ గీసిన ఇంగ్లీషు

మా అక్క భర్త గోడల మీద అక్షరాలు రాసేవాడు. అమీర్‌పేటలో ఆ రోజుల్లో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఏదో ఒక కంప్యూటర్ కోర్సు పేరు దాని మీదికి ఎక్కేది. బావకు చేతినిండా పని. డిగ్రీ అయ్యాక నేను బోరబండలో వాళ్ళింట్లోనే ఉండి సాఫ్ట్‌వేర్ నేర్చుకునేదాన్ని. పొద్దున ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్ళం. ఆయన భుజాన రంగు డబ్బాల సంచి, నా చేతిలో జిరాక్స్ నోట్సు.

బావ చిన్నప్పుడే బడి మానేశాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు బొత్తిగా రాదు. అయినా ఆ వీధుల్లోని ఇంగ్లీషులో చాలా భాగం ఆయన చేతి రాతే. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కాగితమ్ముక్క మీద రాసిస్తే, గోడ మీద చాక్‌పీసుతో గీతలు కొట్టుకుని బొమ్మ దింపినట్టు దింపేవాడు. గుర్తుకోసం అక్షరాలకు తనే పేర్లు పెట్టుకున్నాడు. ఎస్ అంటే పాము. ఓ అంటే గాజు. జె అంటే గాలం. బి అంటే రెండు బొజ్జలు. ఇంట్లో ఆ పేర్లు చెప్పి మమ్మల్ని నవ్వించేవాడు.

నేను చేరిన ఇన్‌స్టిట్యూట్ గోడ కూడా ఆయన రాసిందే. జాబ్ గ్యారంటీ అని పసుపు రంగు మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు, వాటికి నల్లటి నీడ. ఇన్‌స్టిట్యూట్ నడిపే సారు కోస్తా వైపు మనిషి, మాట తేనె. "మీ బావగారి చేయి చూసే సగం మంది చేరతారమ్మా మన దగ్గర" అనేవాడు. అది నిజమే కూడా.

అమెరికాలో కంపెనీలు కూలుతున్నాయని పేపర్లలో రావడం మొదలయ్యాక క్లాసుల్లో బెంచీలు ఖాళీ అయ్యాయి. వచ్చే ఇంటర్వ్యూలు కూడా ఆగిపోయాయి. ఆ సమయంలోనే సారు బావను పిలిచి, కొత్త బ్యాచ్ వస్తోంది, గోడకు మళ్ళీ రంగు పట్టించమన్నాడు. మర్నాడు నేను క్లాసుకు వెళ్ళేసరికి మెట్ల దగ్గర గుంపు. పైన తలుపుకు తాళం. లోపల కంప్యూటర్లు లేవని కిటికీలోంచి చూసినవాళ్ళు చెప్పారు. పక్క గోడ దగ్గర, నిచ్చెన మీద నిలబడి, బావ ఎర్ర రంగు దిద్దుతున్నాడు. తాళం సంగతి ఆయనకు తెలియదు.

"వాని మనిషే వీడు. చూడు, ఇంకా రాస్తుండు" అన్నారెవరో.

నిచ్చెన పట్టి ఊపారు. బావ దిగాడు.

"ఏమైందన్నా?"

"ఏం రాసినవో చదువు."

"నాకు చదువరాదన్నా."

"రాసింది నువ్వే గదా. ఎట్ల రాదు?"

"గీసిన అంతే. సారు కాగితమిచ్చిండు."

చెంప మీద దెబ్బ పడింది. కొట్టిన చెయ్యి ఎవరిదో నేను చూడలేదు. వాళ్ళంతా నాతో కలిసి టీ తాగినవాళ్ళే, హాస్టళ్ళలో ఉప్మా తిని రోజులు గడిపినవాళ్ళే. ఒకడు బావ మెడ పట్టి గోడ వైపు తిప్పాడు.

"మొదటి అక్షరం ఏంది? చెప్పు."

బావ ఆ అక్షరం వైపు వేలు చూపాడు. బడిలో పిల్లవాడు చెప్పినట్టు, "గాలం" అన్నాడు.

"దాని తర్వాత?"

"గాజు. రెండు బొజ్జలు."

నవ్వులు మొదలయ్యాయి. ముందు ఒకరిద్దరు, తర్వాత అందరూ. పొద్దున్నుంచి ఏడుపు మొహాలతో ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకోటి, ఇంకోటి అని అడిగి మరీ చెప్పించారు. బావ అన్నీ చెప్పాడు. చెబితే వదిలేస్తారనుకున్నాడు.

నేను గుంపును తోసుకుంటూ ముందుకు వెళ్ళాను. "ఆయన మా బావ. ఆయనకేం తెల్వదు. నేను సుత మీలెక్కనే మోసపోయిన" అన్నాను. నా పక్క బెంచీలో కూర్చునే రాజమండ్రి అబ్బాయి ఎంతో మర్యాదగా, "మీ బావగారా? అయితే సారు ఎక్కడికెళ్ళాడో మీకూ తెలిసే ఉంటుంది కదండీ, చెప్పండి" అన్నాడు. ఆ తర్వాత నన్నెవరూ పట్టించుకోలేదు.

ఇది దొంగల కొంప అని ఆ ఇంగ్లీషు కిందే తెలుగులో రాయమన్నారు బావను. బావ బ్రష్షు తుడుచుకున్నాడు. "ఎంత సైజుల రాయాలె?" అని అడిగాడు. అడిగింది వెటకారంగా కాదు. పని చెప్పిన ప్రతివాడినీ ఆయన ముందు అడిగే మాటే అది. చాక్‌పీసుతో గీత కొట్టి, పొందికగా అక్షరాలు పేర్చి, ఒక్కోదానికీ నీడ దిద్దాడు. చెంప వాచింది. గుంపు చూస్తూ నిలబడింది. "మస్తు రాసిండురా" అని ఒకడు మెచ్చుకున్నాడు కూడా. పని అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి బిల్డింగ్ యజమాని వచ్చాడు. "రాసినోనివి నువ్వే, తుడిచేది నువ్వే" అన్నాడు. సున్నం కలిపి నేనూ చెయ్యేశాను. ఒక్క పూతకు ఎరుపు ఆగలేదు. గులాబీ రంగులో పైకి వస్తూనే ఉంది.

చేతులు కడుక్కుంటూ బావ అన్నాడు, "నాకు ఇంగ్లీషు నేర్పుతవా?"

ఆ వానాకాలమంతా నేర్పాను. పలక కొనుక్కొచ్చాడు. చెయ్యి ముందే అలవాటుపడింది కనుక రాయడం నేర్పనక్కరలేదు, శబ్దాలు చెప్తే చాలు. తొందరగానే పట్టుబడింది. ఒక ఆదివారం ఇద్దరం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచాం. తను రాసిన గోడలన్నీ ఒక్కొక్కటే ఆగి, పెదాలు కదుపుతూ చదివాడు. అర్థం కాని మాట వస్తే నన్ను అడిగాడు. వంద శాతం ఉద్యోగాలు. విదేశీ కొలువు. మూడు నెలల్లో ఇంజనీరు. కొన్ని గోడల వెనక ఆ ఇన్‌స్టిట్యూట్లు ఇప్పుడు లేవు, అక్షరాలే ఉన్నాయి. మొదట్లో తప్పు లేకుండా చదివినందుకు సంతోషపడ్డాడు. తర్వాత మాట తగ్గింది.

పంజాగుట్ట చౌరస్తాలో ఆగి, "గిన్ని అబద్ధాలు రాసిన్నా నేను?" అన్నాడు.

రాయించినవాళ్ళు రాయించారు, నీదేం తప్పని చెప్పాను. మన కష్టకాలంలో గోడ మీద మాట కనిపిస్తుంది, దిద్దిన చెయ్యి కనిపిస్తుంది, ఆ మాట పలికినవాడు మాత్రం కనిపించడు. ఇదంతా ఆయనకు చెప్పే తెలివి నాకు అప్పుడు లేదు. ఉన్నా వినేవాడు కాదు.

ఆ తర్వాత పని తగ్గించుకున్నాడు. ఎవరైనా కాగితమిస్తే చదివి, "గిది నిజమేనా సారూ?" అని అడిగేవాడు. అడిగే పెయింటర్ ఎవరికి కావాలి? ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. ఆ మిషన్లు ఏదీ అడగవు. ఏడాది తిరక్కుండా బావ సనత్‌నగర్‌లో రేకు డ్రమ్ముల ఫ్యాక్టరీలో చేరాడు. అక్షరాలు కోసిన రేకు అచ్చును డ్రమ్ము మీద పెట్టి, దాని మీద రంగు చిమ్మడమే పని. కోసిన రేకే అక్షరం దిద్దుతుంది.

"మంచిగ బతికేటోనికి చదువు నేర్పి చెడగొట్టినవ్" అంది అక్క నాతో, బియ్యం ఏరుతూ, తలెత్తకుండా. బావ అక్కడే కూర్చుని ఉన్నాడు. కాదనలేదు. మరుసటి వారం నేను హాస్టల్‌కు మారాను.