సర్దార్ సాయిబు పెట్టించిన తలుపులు

సర్దార్ సాయిబు ఎక్కడికి పోయినా, లోపల అడుగు పెట్టకముందే బయటపడే దారి చూసుకుంటాడు. అది ఆస్పత్రి కానీ, చుట్టాలిల్లు కానీ, కూతురి కొత్త కాపురం కానీ. గుమ్మంలో నిలబడి మెడ లోపలికి చాచి, కిటికీలకు ఊచలున్నాయా, పెరట్లోకి దారుందా అని చూస్తాడు. అప్పటికీ ధైర్యం చాలకపోతే ఒక కాలు బయటే ఉంచుకొని మాట్లాడతాడు. అంతటి భయస్తుడు మదనపల్లె నడిబజారులోని చాంద్ మహల్ టాకీసులో గేట్ కీపరుగా చేరాడంటే ఎవరూ వింతపడలేదు. తలుపు పక్కనే ఉండే ఉద్యోగం ఇంకేముంది?

మంగలి షాపులో కుర్చీని వాకిట్లోకి లాక్కొని గడ్డం చేయించుకునేవాడు. సగం ముఖం నురగతో దారిన పోయేవాళ్లందరికీ సలాములు పెట్టేవాడు. తన నిఖా రోజున కూడా చూపంతా తలుపు మీదే. పెళ్లికొడుకు పారిపోతాడేమోనని పెళ్లికూతురు ఫాతిమున్నీసా అన్నలిద్దరూ చెరో పక్క కూర్చొని షేర్వానీ అంచులు పట్టుకున్నారు.

"నేను పారిపోయేదానికి కాదు సూస్తాండేది, మీరంతా పారిపోయేదానికి" అని సర్దార్ వాళ్లకు నచ్చజెప్పాడు. అది విన్నాక వాళ్లు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

పుంగనూరు బస్సు ఎక్కితే, ప్రమాదం వచ్చినప్పుడు తీయవలసిన తలుపు నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడందే కూర్చునేవాడు కాదు. ఒకసారి బస్సు నడుస్తుండగా చూశాడు. బ్రహ్మాండంగా తెరుచుకుంది. దానికి ఆనించి ఉన్న కోళ్లగంప రోడ్డు మీద పడింది. కోళ్లన్నీ క్షేమంగా బయటపడ్డాయి. గంపగలామె తిట్లలోంచి బయటపడటానికి మాత్రం సర్దార్‌కు ఏ తలుపూ దొరకలేదు.

ఈ కథలన్నీ పుంగనూరులో నూనె మిల్లు నడిపే రెడ్డెప్ప పదిమందిలో చెప్పి నవ్వించేవాడు, ఆ టాకీసు తన నెత్తిన పడేదాకా.

టాకీసు రెడ్డెప్ప మామ ఓబులప్పది. ఓబులప్ప చెయ్యి విదిల్చే మనిషి కాదు గానీ పిసినారితనం కంటే పిరికితనం ఒక పాలు ఎక్కువ. సర్దార్‌కు అది బాగా తెలుసు. ఎక్కడో ఏదో హాలు అంటుకుందని పేపర్లో ఒక ముక్క పడితే చాలు, దానికి ఉప్పూ కారమూ దట్టించి ఓబులప్ప ముందు మెల్లగా చదివేవాడు. చదివేటప్పుడు మధ్యలో ఆగి ముక్కు ఎగబీల్చి, "ఏదో కాలిన వాసన వస్తాండాది కదప్పా" అనేవాడు. మరుసటి నెలలోగా తాపీమేస్త్రి వచ్చి గోడకు ఇంకో కన్నం పెట్టేవాడు. అట్లా వెనక సందులోకి ఒక తలుపు, జట్కాల స్టాండు వైపు ఒక తలుపు, కూరగాయల మార్కెట్టు వైపు ఒకటి, సంత వైపు ఇంకొకటి. కొన్నేళ్లకు చాంద్ మహల్‌లో గోడ తక్కువ, తలుపులు ఎక్కువ అయినాయి.

ఆ తలుపులు మూసి ఉంచడానికీ సర్దార్ ఒప్పుకోడు. మూసిన తలుపూ గోడా ఒకటేనని ఆయన వాదన. దాంతో మ్యాట్నీ ఆటకు ఎండ నేరుగా తెర మీద పడేది. హీరో సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపించేవాడు, హీరోయిన్ అసలు కనిపించేది కాదు. ఆషాఢం గాలికి తెర ఊగితే విలన్ ఇల్లూ విలనూ కలిసి తూలేవాళ్లు. పెద్ద పెద్ద కొత్త హాళ్లు వచ్చాక ఈ పాట్లు పడేవాళ్లెవరు? ఎనభై ఒకటిలో ఆట ఆగిపోయింది. ఆ మరుసటేడు ఓబులప్ప పోయాడు. టాకీసు ఆయన కూతురు, రెడ్డెప్ప భార్య అమరావతికి వచ్చింది. అంటే దాని బాధ్యత రెడ్డెప్పకు వచ్చింది. తెర వెనక గదిలో కాపురముంటున్న సర్దార్, ఫాతిమున్నీసా కూడా దాంతోపాటే వచ్చారు.

ఒకరోజు మునిసిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి బజారు వైపు గోడను చేతికర్రతో తట్టాడు. చాటంత పెచ్చు ఊడి ఆయన చెప్పు మీద పడింది. కార్తీకం దాటేలోగా హాలును ఏదో ఒక వాడకంలోకి తెచ్చి గోడ బాగుచేయించాలని, లేకపోతే మొత్తం పడగొట్టాలని చెప్పి కుంటుకుంటూ పోయాడు.

అప్పటినుంచి సర్దార్ భయం రెడ్డెప్పకు అంటుకుంది. ఆ గోడ నీడలో పూలమ్మేవాళ్లు, గాజులమ్మేవాళ్లు కూర్చుంటారు. పుంగనూరులో ఎక్కడ ఉరిమినా రెడ్డెప్ప నోట్లో ముద్ద ఆగిపోయేది. మిల్లులో డబ్బా కిందపడితే "పడిందా?" అని లేచి నిలబడేవాడు. పడగొట్టిద్దామంటే అమరావతి ఊరుకోదు.

"మా నాయన పోయినాడు. ఆయప్ప హాలు కూడా పోతే మదనపల్లెలో బస్సు దిగి నేను యాడికి పోవాల?" అంది.

ముందు వేరుశనగ మూటలు నింపి గోడౌను చేశాడు. మూటలు ఉడికి అంటుకుంటాయని సర్దార్ తలుపులన్నీ బార్లా తెరిచాడు. సంత రోజున మేకలు ఏ వైపు నుంచి వచ్చినవి ఆ వైపు తలుపులోంచి లోపలికి పోయి, తీరిగ్గా భోంచేసి, తీరిగ్గా బయటికి పోయాయి.

తర్వాత కల్యాణ మండపం చేశాడు. సినిమా హాలు నేల వాలుగా ఉంటుందన్న సంగతి తొలి పెళ్లి పంక్తిలో రసం వడ్డించేదాకా ఎవరికీ తట్టలేదు. పైన కూర్చున్న మగపెళ్లివారి విస్తళ్లలో పోసిన రసం కిందనున్న ఆడపెళ్లివారి దాకా ప్రయాణం చేసింది. అయినా అది చిన్న విషయం. ముహూర్తానికి ముందు సర్దార్ మైకు పట్టుకొని, హోమం రగులుతున్నది గనుక ఎవరికి దగ్గరున్న తలుపు వాళ్లు ఇప్పుడే చూసి పెట్టుకోవాలని, చిన్న చప్పుడైనా పిల్లలను చంకనేసుకొని లేవాలని వినయంగా మనవి చేశాడు. జనం హోమగుండాన్ని పక్కన పులి కూర్చున్నట్టు చూస్తూ బిగుసుకుపోయారు. సరిగ్గా అప్పుడు గట్టిమేళం వాయించారు. ఒక్క ఊపులో హాలు ఖాళీ. తాళి కట్టడం కళ్లారా చూసింది పురోహితుడొక్కడే.

ఇంక ఎవరు వస్తారు? వచ్చినవాడు కుప్పం గంగులప్ప, బండరాళ్ల వ్యాపారి. హాలు పడగొట్టి ఆ జాగాలో లాడ్జి కట్టుకుంటానన్నాడు. అమరావతి ఆ రోజు అన్నం తినలేదు. కార్తీకం సగం గడిచింది, వాన రోజులు, గోడ పొట్ట ఇంకాస్త ముందుకొచ్చింది. రెడ్డెప్ప భయపడి సరేనన్నాడు. శుక్రవారం హాల్లోనే తాంబూలం పుచ్చుకోవడానికి మాటైంది.

ఈ సంగతి చెబితే సర్దార్ కేకలు పెడతాడని రెడ్డెప్ప అనుకున్నాడు. సర్దార్ గది మధ్యకు వెళ్లి, రెండు కాళ్లూ లోపలే పెట్టి, తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. రెడ్డెప్ప గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం సాయిబూ, భయం లేదా?"

"అయిపోయిందప్పా. ఇంక దేనికని భయపడేది?" అన్నాడు సర్దార్.

శుక్రవారం పొద్దున్నుంచీ కుండపోత. మధ్యాహ్నానికే చీకటి కమ్మింది, కరెంటు పోయింది. తెర ముందు చాప పరిచి గంగులప్ప, రెడ్డెప్ప కూర్చున్నారు. మధ్యలో తాంబూలం పళ్లెం. రెడ్డెప్ప దాని మీద చెయ్యి వేయబోయాడు. వెనక ఎక్కడో తలుపు కిర్రుమంది.

ఆ వెంటనే ఎడమ పక్క ఇంకో తలుపు. తర్వాత కుడి పక్క. తడి కాళ్ల చప్పుడు. చీకట్లో, మనుషులకుండవలసిన ఎత్తు కంటే చాలా ఎత్తుగా, తెల్లటి ఆకారాలు, ముఖాలు లేనివి, నాలుగు వైపుల నుంచీ వాలు దిగి వస్తున్నాయి. వాటిలోంచి గరగరమని సన్నటి చప్పుడు కూడా.

గంగులప్ప కొండలు పగలగొట్టించిన మనిషి. ఆయన లేచిన విసురుకు పళ్లెం బోర్లాపడింది. ఏ తలుపులోంచి పోయాడో తెలియదు గానీ, రోడ్డు మీదికి చేరేదాకా ఆగలేదు. రెడ్డెప్ప చాప అంచు నెత్తి మీదికి లాక్కున్నాడు.

"సర్దారన్నా, ఉండావా?" అంది ఒక తెల్లటి ఆకారం. "గూళ్లు ఉడికిపోతాండాయి. యాడ పరిసేది?"

అది నిమ్మనపల్లె శ్యామలమ్మ గొంతు. నెత్తిన తెల్లపంచెలో కట్టిన పట్టుగూళ్ల మూట. వెనక తంబళ్లపల్లె వాళ్లు, శాంతిపురం వాళ్లు, అందరి నెత్తినా మూటలే. గూళ్లు అమ్ముకోవడానికి కన్నడ దేశం సంతకు బయలుదేరారు. వంక పొంగి కల్వర్టు కొట్టుకుపోయింది, బస్సులు ఆగిపోయాయి. మూటలో ఉంటే గూళ్లు ఉడుకుతాయి, తడిస్తే దారం రాదు, ఊరికే ఉంచితే పురుగు సీతాకోకై గూడు కొరుక్కొని ఎగిరిపోతుంది. నెల్లాళ్లు నిద్ర కాచుకొని పెంచిన పంట అంతా ఆ మూటల్లోనే ఉంది.

సర్దార్ తెర వెనక నుంచి వచ్చాడు. మనిషి ముఖంలోకి మళ్లీ భయం వచ్చింది, ప్రాణం వచ్చినట్టు.

"రాశి పొయ్యొద్దండప్పా, పలచగా పరసండి. ఆ గోడ తట్టు పోవద్దు, నెత్తిన పడతాది. తలుపులన్నీ తియ్యండి" అని తిరగసాగాడు. తలుపులన్నీ తెరిస్తే ఈ మూల నుంచి ఆ మూలకు గాలి కొట్టింది. తెల్లారేసరికి గూళ్లు చేతిలో గలగలలాడాయి.

పొద్దున్నే దారం తీసే యాకూబు ఈ మాట విని తనలాంటివాళ్లను వెంటబెట్టుకొని వచ్చాడు. తెర దగ్గర నిలబడి పైకి చూశాడు. వాలు నేల మీద వరస వెనక వరస, మంచు పడినట్టు గూళ్లు.

"చాచా, ఆ సంతలో ముందోడి గంప అడ్డమొచ్చి ఎనకోడి సరుకు కనపడదు. ఈడ అన్నీ ఒక్క సూపుకే కనపడతాండాయి. అంత దూరం పొయ్యి తొక్కిడి పడేది యాలప్పా?" అన్నాడు.

అక్కడే వేలం పాట పెట్టారు. మధ్యాహ్నానికి నేల ఖాళీ. మరుసటి వారం గూళ్లవాళ్లు వంక తగ్గినా కన్నడ దేశం పోలేదు. ఆ పై వారం ఇంకా ఎక్కువమంది వచ్చారు. మునిసిపాలిటీ ఆయన మళ్లీ వచ్చి, గోడను తట్టకుండా దూరం నుంచే చూసి, జనాన్ని చూసి, గోడ బాగుచేయించమని మాత్రం చెప్పిపోయాడు. గోడకు ఊతంగా రాతి స్తంభాలు కుప్పం నుంచి వచ్చాయి. గంగులప్ప పంపాడు గానీ, నాటించడానికి మాత్రం తను రాలేదు.

సంవత్సరం తిరిగినా పట్టుగూళ్ల మార్కెట్టు ఆగలేదు. రెడ్డెప్పకు ఉరుములు మామూలుగా వినపడసాగాయి. ఒక్కటే సంగతి ఆయనకు అంతుపట్టలేదు. ముందున్న పెద్ద గేటుకు రంగు వేయించి బోర్డు కట్టించాడు. ఆ గేటులోంచి ఒక్కరూ రారు. ఒకరోజు పాట ముగిశాక శ్యామలమ్మను అడిగాడు.

"ఇదేం మాటప్పా, మాది సందు తలుపు కదా" అంది ఆమె. "నిమ్మనపల్లె వాళ్లమంతా సిన్నప్పటి నుంచీ ఆడ నుంచే. తంబళ్లపల్లె గొర్లోళ్లది సంత తట్టుది. శాంతిపురమోళ్లది జట్కాల తట్టుది. టికెట్టు కొనేదానికి మాకు యాడిది? తలుపు తీసుండాది, అగ్గి పుడితే అటు నుంచి పరిగెత్తండి అని సర్దారన్న చెప్పి, ఆ పక్కకు తిరిగి నిలబడేవాడు."

రెడ్డెప్ప మెల్లగా సర్దార్ వైపు తిరిగాడు. బయటికి పోవడానికని మామచేత కొట్టించిన తలుపులన్నీ లోపలికి రావడానికా? ఊరికొక తలుపా?

"అయితే సాయిబూ, అగ్గి భయమంతా అబద్ధమేనా?"

"నా అల్లా తోడు, నిజమేనప్పా" అన్నాడు సర్దార్. "కానీ అగ్గి ఎప్పుడో వొగనాడు వస్తాది. మీ మామ దినామూ వస్తాడు. లోపల పొద్దంతా ఎండకు తిరిగినోళ్లు, సంకలో బిడ్డలు. బయట నేను. ఆయప్ప యాడ లోపల తలకాయలు ఎంచుతాడో అని ఇరవై ఏండ్లు పానం అరచేతిలో పెట్టుకొనుంటి."

రెడ్డెప్పకు తన సంగతి గుర్తొచ్చింది. కొత్తల్లుడిగా వచ్చిన రోజుల్లో ఓబులప్ప అల్లుడని కూడా చూడకుండా బుకింగు కిటికీ దగ్గరికి పంపేవాడు. వరసలో నిలబడి, తొక్కించుకొని, చొక్కా చింపుకొని, ఒక్క ఆట కూడా వదలకుండా చూశాడు.

"అంటే," అన్నాడు, "ఈ చుట్టుపక్కల టికెట్టు కొనింది నేనొక్కణ్నేనా?"

సర్దార్ నేల చూపులు చూశాడు. "పుంగనూరుకూ వొగటి పెట్టిచ్చింటినప్పా. మీకు చెప్పేదానికే భయపడితి."

"యాది?"

సర్దార్ చెయ్యి చూపించాడు. రెడ్డెప్ప ఎప్పుడూ కూర్చునే కుర్చీ ఉండిన చోటికి సరిగ్గా వెనక. రెడ్డెప్ప పంచె సర్దుకొని లేచాడు. వాలు ఎక్కి, ఆ తలుపులోంచి ఎండలోకి పోయాడు. ఒక నిమిషం అక్కడ నిలబడి అటూ ఇటూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూశాడు. తర్వాత తల వంచుకొని, చప్పుడు చేయకుండా, మళ్లీ అందులోంచే లోపలికి వచ్చాడు.