బల్ల చరిచే అక్క

మా మహిళా సంఘం అక్క, అధికారుల చెవులు బల్లలోనే ఉన్నట్టు, మాట్లాడే ముందు అరచేత్తో బల్ల చరిచేది.

చంద్రబండ ఊరి నుంచి రాయచూరు పత్తి మిల్లులో పనికి వచ్చే అమ్మాయిని సూపర్‌వైజర్ చెయ్యి పట్టి లాగితే, మేం అక్కడి కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లి, మహిళా హక్కుల ఒప్పందం చూపించి, మిల్లులో కమిటీ వేయించమని అడిగాం.

"మీరు చెప్పే అంతర్జాతీయ మహిళా హక్కుల ఒప్పందం మీద సంతకం చేసింది ఢిల్లీ. మిల్లులో ఆడవాళ్ల ఫిర్యాదుల కమిటీ వేయించాలంటే బెంగళూరు నుంచి ఆర్డర్ రావాలి" అన్నాడు అధికారి.

అక్క బల్ల చరిచింది. "ఏంది సార్, సంతకం ఢిల్లీల, ఆర్డర్ బెంగళూరుల అంటరు! వాడు పిల్ల చెయ్యి పట్టింది ఈడ, రాయచూరుల కాదా?"

ఆ అమ్మాయి పని పోయింది. ఏడాది తర్వాత కమిటీ వేశారు. మిల్లు గోడకు అంటించిన సభ్యుల పేర్లలో ఆ సూపర్‌వైజర్ పేరుంది. అక్క ఆ కాగితాన్ని చింపేసింది. మర్నాడు కొత్తది అంటించారు. దాన్నీ చింపింది.