కారణం రాయని చీటీ

హిందూపురం బజారులో చేయించుకున్న రబ్బరు స్టాంపు ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మీద ఒకటే వాక్యం: "మెరుగైన వైద్యం నిమిత్తం పెద్దాసుపత్రికి పంపడమైనది." మా చిన్న ప్రభుత్వ ఆస్పత్రిలో చేయలేని కేసు వచ్చినప్పుడల్లా చీటీ మీద ఆ వాక్యం రాసి అనంతపురం పంపడం మాకు అలవాటు. రాసి రాసి విసుగొచ్చి స్టాంపు చేయించాను. అది చూసి మిగతా డాక్టర్లు కూడా తలా ఒకటి చేయించుకున్నారు. అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, ముందు నా మీద, తరవాత మిగతా అందరి మీద.

ఆస్పత్రి ఏ ఊళ్లోదో చెప్పను. హిందూపురానికీ పెనుకొండకీ మధ్య ఎక్కడో అనుకోండి. ఆపరేషన్ గది ఉంది, బల్ల ఉంది, లైట్లు ఉన్నాయి, కాన్పుల డాక్టరుగా నేనున్నాను. మత్తు ఇచ్చే డాక్టరు మాత్రం లేడు. ఆయన బదిలీ అయి వెళ్లి ఏడాది దాటినా ఇంకొకరిని వేయలేదు. కాన్పుల వార్డుకు పూటకు ఒక్కరే నర్సు. ఇవేవీ చీటీ మీద కనపడవు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మా పెద్ద డాక్టరు చెప్పాడు, "కారణం రాయొద్దమ్మా. రాస్తే లేనివన్నీ మన మెడకే చుట్టుకుంటాయి" అని. బుద్ధిగా తలూపాను.

అలాగని మేము నోరు మూసుకుని కూర్చున్నవాళ్లం కాదు. ఏడుగురు డాక్టర్లం నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని భోజనం వేళ గేటు దగ్గర నిలబడేవాళ్లం. గొంతెమ్మ కోరికలేమీ కోరలేదు. మత్తు డాక్టరును వేయండి, వార్డుకు రెండో నర్సును ఇవ్వండి, రోగుల వెంట వచ్చినవాళ్లకు బెంచీలు, తాగడానికి నీళ్లు పెట్టండి, మా మీద ఎవరూ చెయ్యి చేసుకోకుండా గేటు దగ్గర ఒక మనిషిని పెట్టండి అన్నాం. వినతిపత్రాలు ఇచ్చాం, ఫోటోలు దిగాం. ఒకరోజు ఓపీకి వచ్చిన అవ్వ నా బ్యాడ్జీ చూసి, "ఎవురు పోయినారు తల్లీ?" అని జాలిగా అడిగింది. ఎవరూ పోలేదవ్వా అన్నాను. ఆమెకు తప్ప ఆ బ్యాడ్జీ ఇంకెవరికీ కనపడినట్టు లేదు.

ఒక పొద్దున చుట్టుపక్కల పల్లె నుంచి ఒక శెనక్కాయ రైతు తన కూతురిని తీసుకొచ్చాడు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతూ ఉంది. వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలి. నేను చేయగలను, కానీ మత్తు ఎవరిస్తారు? 108కి ఫోన్ చేయించి, చీటీ మీద స్టాంపు గుద్ది సంతకం పెట్టాను. "ఏమైంది మేడం? ఎందుకు పంపుతాండారు?" అని ఆయన అడిగాడు. "అక్కడ ఇంకా బాగా చూస్తారు, బయల్దేరండి" అన్నాను. నర్సు కూడా బండెక్కి వెంట వెళ్లాలి. కానీ ఆ సమయానికి వార్డులో ఇంకొకామెకు బిడ్డ తల బయటపడుతోంది, నర్సు చేతులు అక్కడున్నాయి. నాకోసం ఓపీలో జనం బారులు తీరి ఉన్నారు. నేను ఆ జనం దగ్గరికి వెళ్లిపోయాను.

బండి పెనుకొండ దాటిన కాసేపటికి కాన్పయింది. బిడ్డ ఏడవలేదు.

నోటీసు నర్సుకు వచ్చింది. రోగి వెంట వెళ్లకుండా నిర్లక్ష్యం చేసిందట. ఆమె రోజూ మడకశిర నుంచి బస్సులో వచ్చేది. కాంట్రాక్టు ఉద్యోగం, తీసేయడానికి ఒక్క కాగితం చాలు. ఇద్దరు పిల్లల చదువు ఆమె జీతం మీదే నడుస్తోంది. నాకు నోటీసు రాలేదు. పెద్ద డాక్టరు పిలిచి, "నీకేం భయం లేదు. నీ చీటీ పద్ధతిగా ఉంది" అన్నాడు. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. బయటికి వస్తే వరండాలో నర్సు నోటీసు పట్టుకుని నిలబడి ఉంది.

"మేడం, నేను ఒక్కదాన్నే ఉంటి కదా. ఆయమ్మను సగంలో ఇడ్సిపెట్టి పోయుండల్లనా? మీరే చెప్పండి."

ఓపీలో జనం ఉన్నారని ఆమెను దాటుకుని వెళ్లిపోయాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ ఆదివారం ధర్మవరం వెళ్లాను. నాయన పట్టుచీరలు నేస్తాడు. నేతలో ఎక్కడైనా పోగు తప్పితే, ఆ చోట చీర అంచుకు ఒక ఎర్ర నూలు ముక్క ముడేసి షావుకారు చేతికిస్తాడు. మడతలో కనపడని తప్పును నువ్వే చూపించడమెందుకని అమ్మ ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. మగ్గం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. నన్ను ఓదారుస్తాడనుకున్నాను.

"నువ్వు తప్పు కనపడకుండా మడతేసి ఇచ్చినావు. ఆ మడత విప్పినప్పుడు తిట్లు తినేది ఆ నర్సమ్మ. అంతే కదమ్మా?" అన్నాడు.

"ఆస్పత్రి సంగతి నీకేం తెలుసు నాయనా!" అని అరిచాను.

"నాకేం తెలుస్తాదిలే" అని ఆయన మళ్లీ నేతలో పడ్డాడు. కోపంతో అన్నం కూడా తినకుండా బస్సెక్కాను. పెనుకొండ వచ్చేసరికి ఆ కోపం ఆయన మీద కాదని నాకే అర్థమైంది.

సోమవారం మిగతా ఆరుగురితో మాట్లాడాను. ఇద్దరు భయపడ్డారు, గంటసేపు వాదులాడుకున్నాం. చివరికి ఏడుగురం వెళ్లి ఏడు స్టాంపులూ పెద్ద డాక్టరు బల్ల మీద వరసగా పెట్టాం. "సమ్మె చేయం సార్. ఓపీ ఒక్క గంట కూడా ఆపం. కానీ ఇక నుంచి ప్రతి చీటీ మీదా అసలు కారణం రాస్తాం. తెలుగులో, చదవగలిగేట్టు" అన్నాను. డాక్టర్లు చదవగలిగేట్టు రాయడమే ఆయనకు పెద్ద బెదిరింపులా వినిపించినట్టుంది, మొహం ఎర్రబడింది. "ఉద్యోగాలు పోతాయి" అన్నాడు. పోనివ్వండి అన్నాను. స్టాంపులు ఆయన ముట్టుకోలేదు. సాయంత్రం నాది నేను తెచ్చుకున్నాను, మరిచిపోకుండా ఉండడానికి.

ఆ రోజు నుంచి చీటీలు మారాయి. "ఇక్కడ మత్తు డాక్టరు లేడు, అందుకే పంపుతున్నాం." "ఎక్స్‌రే మిషన్ చెడిపోయింది." "వార్డులో ఒక్కరే నర్సు." జనం గేటు దగ్గర నిలబడి చదువుకున్నారు, ఫోన్లలో ఫోటోలు తీసి ఊళ్లకు పంపారు. పంచాయతీ పెద్దలు వచ్చి మమ్మల్ని కాదు, పైవాళ్లను నిలదీశారు. నల్ల బ్యాడ్జీలతో కాని పని చీటీలతో కదిలింది. పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి, పరువు తీస్తున్నారని. మేము తీసేంత పరువు అక్కడ ఏముందో నాకైతే తెలియలేదు.

నర్సు మీద విచారణ పెనుకొండలో ఒక ఆఫీసు గదిలో జరిగింది. రైతును కూడా పిలిపించారు. విచారణ అధికారి నా చీటీ తిరగేసి, "ఇది స్పష్టంగానే ఉంది డాక్టర్, మీరు చెప్పాల్సిందేమీ లేదు" అన్నాడు.

"ఉంది సార్. ఆ చీటీ అబద్ధం" అన్నాను. మత్తు డాక్టరు లేడని, నర్సు రెండో కాన్పులో ఉందని, ఆమె ఆ బల్ల వదిలితే అక్కడా ఒక ప్రాణం పోయేదని, ఇవన్నీ తెలిసే స్టాంపు గుద్దానని చెప్పాను. అదే రాసి సంతకం పెట్టాను. నర్సు తల వంచుకుని ఏడ్చింది.

చివర్లో రైతు నా వైపు తిరిగాడు. "మత్తు డాక్టరు లేడని ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే, హిందూపురంలో ప్రైవేటు ఆస్పత్రికి పోయింటిమి కదమ్మా. ఎంత దూరమని? పెద్దాసుపత్రిలో ఇంకా బాగా చూస్తారంటిరే, అది నమ్మితిమి."

అంతవరకు నిజం చెప్పానని తల ఎత్తుకుని కూర్చున్నాను. అప్పుడు ఆ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పయింది అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయాడు.

నర్సు ఉద్యోగం నిలబడింది. తరవాత వార్డుకు రెండో నర్సు కూడా వచ్చింది. మత్తు డాక్టరు వారానికి మూడు రోజులు వస్తున్నాడు. మిగిలిన నాలుగు రోజుల సంగతి మా వాళ్లు చీటీల మీద రాస్తూనే ఉన్నారు. నాకు సంజాయిషీ మెమో, వెనకే ఎక్కడో దూరాన తనకల్లు దిక్కున ఒక ఆస్పత్రికి బదిలీ వచ్చాయి. భయపెట్టడానికి ఆ మాత్రం చాలనుకున్నారు.

పాత ఆస్పత్రిలో నా చివరి రోజు ఓపీ వరసలో ఆ రైతు నిలబడి ఉన్నాడు. తన వంతు వచ్చాక జేబులోంచి పాత చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీన్ని మళ్లీ రాసియ్యి తల్లీ. ఉండేది ఉన్నట్టు."

పక్క గదిలోంచి పెద్ద డాక్టరు విన్నాడు. గబగబా వచ్చి, "కోర్టుకు పోతాడమ్మా, రాయొద్దు" అని నా చెవిలో అన్నాడు. పోతే పోనివ్వండి సార్, పోవలసిందే అని గట్టిగానే అన్నాను.

కొత్త చీటీ తీసుకుని రాశాను. "ఆ రోజు ఇక్కడ మత్తు డాక్టరు లేడు. ఒక్కరే నర్సు ఉండింది. ఆపరేషన్ చేసి ఉంటే బిడ్డ బతికే అవకాశం ఉండింది. ఈ సంగతి ఆ రోజు నేను మీకు చెప్పలేదు." కింద నా పేరు, సంతకం, ఆస్పత్రి ముద్ర.

ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు.

"కోర్టుకు కాదమ్మా ఇది. నొప్పులు ఆలస్యంగా చెప్తిని, బిడ్డను నేనే సంపుకుంటిని అని నా కూతురు ఇప్పటికీ కడుపు నిండా అన్నం తినడంల్యా. దానికి సదివి ఇనిపియ్యల్ల" అన్నాడు.