చూడని ఊరికి బిషప్పు

దమ్మామ్‌లో ఒక ఆసుపత్రిలో నేను నర్సుగా చేరిన రెండో ఏడు కువైట్ యుద్ధం వచ్చింది. కిటికీ అద్దాలకు అడ్డంగా టేపులు అంటించాం. సైరన్ మోగగానే నడవగలిగిన రోగుల్నీ, వాళ్లను చూడటానికి వచ్చినవాళ్లనీ దుప్పట్లు దాచే కిటికీల్లేని గదిలోకి తీసుకెళ్లి, తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కేవాళ్లం. గ్యాస్ మాస్కులు అందరికీ సరిపోలేదు.

ఆయన నాకు పరిచయమైంది ఆ గదిలోనే. యాభై దాటిన మనిషి, ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్. ఉర్దూ, ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి లేబర్ క్యాంపులో ఎవరికి జబ్బు చేసినా తోడు ఆయన్నే పంపేవాళ్లు. అందరూ మాష్టారూ అని పిలిచేవారు.

ఒక సాయంత్రం గదిలో కరెంటు పోయింది. టార్చి వేస్తే, ఆయన బొటనవేలు ఒక రోగి నుదుటి మీద సిలువ గీస్తూ కనిపించింది. మాది గుంటూరు దగ్గర కతోలిక కుటుంబం. అలా గీసేది మా గురువులేనని నాకు తెలుసు.

"మీరు సాములవారా?" అన్నాను.

"మెల్లగా అమ్మా. ఇక్కడ నేను మాష్టారినే. ఇకామా కార్డులో, ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతిలో, స్టోర్‌కీపర్ అనే ఉంది."

ఆ దేశంలో మా పూజకు చోటు లేదు. తెలిస్తే జైలు, ఆ తర్వాత ఎగ్జిట్ కొట్టి దేశం నుంచి పంపేయడం. ఆయన భిక్షతో బతుకుతామని మాట ఇచ్చే సన్యాసుల సభకు చెందినవారు. సెమినరీలో దైవశాస్త్రం చెప్పేవారట. క్యాంపుల్లో మనవాళ్లు దిక్కులేకుండా చనిపోతున్నారని విని, పెద్దల అనుమతి తీసుకుని వచ్చారు.

సైరన్ ఆగేదాకా పొద్దు గడవాలి కదా. ఏదైనా చెప్పండి సామీ అంటే, తాను ఏళ్ల తరబడి రాస్తున్న ఒక జీవిత చరిత్ర చెప్పేవారు. అయిదారు వందల ఏళ్ల కిందటి జర్మనీలో ఒక సన్యాసి. చెప్పులు కుట్టేవాడి కొడుకు. చిన్నప్పుడే మఠంలో చేరాడు. చదివి, విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం బోధించేంతవాడయ్యాడు. చివరికి బిషప్పుని చేశారు.

"ఏ ఊరికి?"

"అదేనమ్మా చిత్రం. సముద్రానికి అవతల, క్రైస్తవుల చేతుల్లోంచి ఎప్పుడో జారిపోయిన ఊరికి. అక్కడ ఈయన మాట వినే మనిషి ఒక్కడూ లేడు. బతికినన్నాళ్లూ ఆ ఊరు చూడలేదు. సొంత దేశంలో ఇంకో పెద్ద బిషప్పు కింద పని. గుడి గంటలు దీవించడం, కొత్త పీఠాలకు నూనె పూయడం, కుర్రవాళ్లకు గురుపట్టం ఇవ్వడం. కంచరగాడిద మీద పల్లె పల్లే తిరిగేవాడు."

ఇంకో సైరన్‌లో మిగతాది చెప్పారు. ముసలితనంలో ప్లేగు వచ్చింది. పెద్దవాళ్లంతా కోటల్లోకి వెళ్లిపోతే ఈయన ఇల్లిల్లూ తిరిగాడు.

"ఆయనకు భయం లేదా సామీ?"

"ఎందుకుండదు? ప్రతి గడప దగ్గరా ఆగిపోయేవాడినని తనే రాసుకున్నాడు. కాసేపు నిలబడి లోపలికి వెళ్లేవాడు. ఆ ఏడే పోయాడు. అందరితోపాటు ఒకే గోతిలో పూడ్చారు."

యుద్ధం ముగిసింది. కువైట్‌లో తగలబడుతున్న నూనె బావుల పొగకు దమ్మామ్‌లో మధ్యాహ్నం కూడా లైట్లు వేసుకునేవాళ్లం. అప్పుడే ఒక గోదాములో మంటలు లేచి, ప్రకాశం జిల్లా మనిషి ఒకడు ఒళ్లంతా కాలి మా వార్డుకు వచ్చాడు. మెడలో సిలువ దారం లేకపోయినా, నొప్పికి యేసయ్యా యేసయ్యా అంటున్నాడు. రెండో రోజుకు ఇక నిలవడని తెలిసిపోయింది.

"సిస్టరమ్మా, సామి ఎవురన్నా ఉండారా ఈడ?" అని అడిగాడు.

నేనే మాష్టారికి ఫోన్ చేశాను.

ఆయన కంటి చుక్కల సీసాలో పవిత్ర తైలం పెట్టుకుని వచ్చారు. నేను తెర లాగి బయట కాపలా నిలబడ్డాను. సందులోంచి కనిపిస్తూనే ఉంది. నుదుటికి తైలం రాశారు. చేతులకూ రాయాలి, కానీ కట్లున్నాయి, అంచున కాలని చోటు కోసం వెతుకుతున్నారు. ఇంతలో సూపర్‌వైజర్ నన్ను పక్కకు నెట్టి తెర తీశాడు.

పావుగంటలో గార్డులు వచ్చారు. ఆఫీసు గదిలో, ముదీర్ అని పిలిచే డైరెక్టరు బల్ల మీద ఆ సీసా, ఆయన సంచిలోని, జీవిత చరిత్ర రాసుకునే లావుపాటి నోటుబుక్కు పెట్టారు. నన్నూ పిలిచారు.

"ఈ మనిషి నీకు తెలుసా?"

ఆయన నా ఎదురుగానే నిలబడి ఉన్నారు.

"రోగుల్ని తీసుకొస్తుంటాడు. అంతకుమించి తెలీదు," అన్నాను.

"అవును సార్. ఆమెకేం తెలీదు," అన్నారాయన వెంటనే. నా వైపు చూడలేదు.

ఆయన్ని తీసుకెళ్లారు. నేను వార్డుకు తిరిగి వచ్చేసరికి ఆ మంచం మీద దుప్పటి ముఖం మీదికి కప్పి ఉంది.

కొన్ని వారాలు లోపల ఉంచి ఎగ్జిట్ కొట్టి పంపేశారని క్యాంపు డ్రైవరు చెప్పాడు. నేను ఇంకో నాలుగేళ్లు అక్కడే పనిచేశాను. ఉద్యోగం మానేసి వచ్చాక వాళ్ల సభ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఊపిరితిత్తుల జబ్బుతో అంతకు ముందు ఏడాదే పోయారని వృద్ధుడైన ఒక గురువు చెప్పారు. నోటుబుక్కు తిరిగి ఇవ్వలేదట. జ్ఞాపకం మీద మళ్లీ మొదలుపెట్టి, ఇరవై పేజీలు కూడా దాటలేకపోయారట. సమాధి చూపించారు. ఆ రోజు ఆఫీసు గదిలో నేను ఏమన్నానో ఆ వృద్ధ గురువుకైనా చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను.

అక్కడి నుంచి ప్రకాశం జిల్లాకు బస్సెక్కాను. కాలిపోయినతని భార్య పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లి అప్పుడే వచ్చింది. చేతులు ఇంకా జిగురుగా ఉన్నాయి. నేనెవరో చెప్పాను. చివర్లో సాములవారు వచ్చారని చెప్పాను.

"నుదుటికి రాశారా నూనె?"

"రాశారు."

"చేతులక్కూడానా?"

"చేతులక్కూడా," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుని సిలువ వేసుకుంది. ఉండమ్మా, కాస్త కాఫీ పెడతానంది. బస్సుకు టైమైందని చెప్పి లేచాను.