వంగ మొదట్లో వరిగడ్డి

జమ్మికుంట దగ్గరి ఆ ఊళ్లో, కోత మిషన్ పోయాక పొలంలో మిగిలిన వరిగడ్డికి అందరూ అగ్గిపుల్ల గీస్తారు. ఐలవ్వ మాత్రం ఆ గడ్డిని మోపులు కట్టి మోసుకొచ్చి, తన వంగతోటలో మొక్కల మొదళ్లకు మందంగా పరిచేది. ఎండ సోకని నేలలో కలుపు లేవదు, తడి ఆరదు.

"వంకాయలకు పరుపులు పరుస్తున్నవా వదినె? దుప్పటి గూడ కప్పరాదు!" అనేవాడు పక్క పొలం రాయమల్లు. సొంత మరిది.

"కప్పుత తియ్యి. నీ గడ్డిమందు డబ్బా నా గట్టు దాటకుంటె సాలు."

ఆ మాటతో అతను తల తిప్పుకుని తన పొలంలోకి పోయేవాడు. పత్తి పంట దెబ్బతిన్న ఏడు ఆమె మొగుడు దశరథం తాగింది ఆ గడ్డిమందే. గడ్డిని గబుక్కున మాడ్చే మందు, మనిషి దగ్గర మాత్రం తొందరపడదు. గొంతు కాలుస్తుంది, ఊపిరి బిగిస్తుంది, తెలివిని మాత్రం పోనివ్వదు. "నన్ను బతికియ్యుండ్రి" అని అడుగుతూ అడుగుతూనే పోయాడు దశరథం. దాన్ని దుకాణాల్లో ఇప్పటికీ బిస్కెట్ పొట్లంలా చేతికిస్తున్నారు. అది తన చేనులోకి, ఇంట్లోకి రావద్దు. ఐలవ్వ పంతమంతా అదే.

ఆ ఎండాకాలం రాయమల్లు గాలి చూసుకోకుండా తన పొలంలోని వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టాడు. గట్టు దాటిన మంటకు ఐలవ్వ పరిచిన గడ్డే దారి చూపింది. కాలుతున్న గడ్డిని ఆమె ఉత్త చేతులతో లాగింది. తోట దక్కలేదు, చేతులూ దక్కలేదు.

"ఎండకాలం గడ్డి పరిస్తె అంటుకోదానే?" అని పంచాయితీలో పెద్దమనుషులు మొదట ఆమెనే గద్దించారు. ఆ తర్వాతే వాళ్లలో ఒకడైన సదానందం తీర్పు చెప్పాడు: "రాయమల్లూ, నీ వదినె చేను నువ్వే సాపు జేసియ్యాలె."

తొలకరికి మాడిన వంగ మోళ్లు చిగురేశాయి. వాటి పక్కనే తుంగా, గరికా లేచాయి. కూలోళ్లతో పీకిస్తాడనుకుని, ఐలవ్వ కట్లు మార్పించుకోవడానికి కరీంనగర్ దవాఖానకు పోయింది.

తిరిగొచ్చేసరికి చేనంతా గోధుమరంగులో మాడి ఉంది. గరికతోపాటు చిగుళ్లూ వేలాడుతున్నాయి. గట్టు మీద రాయమల్లు.

"నీకు కలుపు తీసే చేతులేవి వదినె? అందుకే మందు కొట్టిన. మా అన్న తాగిండంటె మందుది తప్పా?"

ఐలవ్వ వంగి మాడిన చిగుళ్లను చూస్తోంది.

"జర మిగిలింది. ఇంట్ల పెట్టుకో, మల్ల పనికొస్తది," అంటూ కట్లు కట్టిన ఆమె మోచేతి మడతలో డబ్బా ఇరికించాడు.

విసిరికొట్టడానికి ఆమెకు వేళ్లు వంగలేదు.