ఓడ తగిలిన తర్వాత అన్నయ్య
అన్నయ్య రేవులో పైలట్. సముద్రం మీద నుంచి వచ్చిన ఓడ ఎక్కి, కెప్టెన్ పక్కన నిలబడి, ఎటు తిప్పాలో ఎప్పుడు ఆపాలో చెప్పి గట్టుకు చేర్చడం అతని పని. బొగ్గు గని ఇంజనీరుగా కోస్తా నుంచి వచ్చిన నాన్నకు గోదావరిఖనిలో పుట్టి, పెద్దయ్యాక మళ్లీ సముద్రం దగ్గరికే పోయాడు.

పోయిన ఏడాది అతను దారి చూపుతున్న ఓడ గాలికి జరిగి గట్టును గుద్దుకుంది. లాగి కట్టిన తాడు తెగి, గట్టు మీదున్న కార్మికుడి కాలు విరగ్గొట్టింది. విచారణ తేలేదాకా డ్యూటీ వద్దన్నారు. అన్నయ్య గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు వచ్చాడు.

ఒకచోట కూర్చోలేకపోయేవాడు. టీ సగం తాగి లేచేవాడు. కేసు చూస్తున్న వకీలు ఫోన్ వస్తే వాకిట్లోకి, రాకపోయినా వాకిట్లోకే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు అదిరితే, పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడే అయినా, ఉలిక్కిపడేవాడు. ఆసుపత్రిలో ఉన్న ఆ కార్మికుణ్ణి చూసి వస్తానంటే వకీలు వద్దన్నాడు. వెళితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. విచారణలో అడిగినంతవరకే రాసి ఇమ్మన్నాడు. నేనూ అదే అన్నాను.

ఒక సాయంత్రం పక్క క్వార్టర్ అతను వచ్చి కూర్చున్నాడు. ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు.

"స్టీరింగ్ నీ చేతుల లేదు గదా అన్నా, మరి తప్పు ఎవలిదంటరు?" అని అడిగాడు.

"చట్టం ప్రకారం ఓడ కెప్టెన్‌దే. నేను సలహాదారుణ్ణి. నష్టం ఓడ యజమాని భరించాలి. నాదాకా వస్తే లైసెన్సు మాటే."

"మరింకేంది ఫికర్?"

అన్నయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ రోజు ఓడను పట్టి నెట్టడానికి రెండో టగ్గు పడవ రావాల్సి ఉంది. గాలి లేస్తోంది. అది వచ్చేదాకా ఆగాల్సింది. పోనిద్దామన్నాను. కెప్టెన్ సరేనన్నాడు. ఆ మాట ఎవరూ అడగలేదు."

పక్కింటి అతను తలూపాడు. "నేను ఓసారి డంపర్ రివర్స్ తీస్తున్న. ఎనుక సిగ్నల్ ఇచ్చేటాయన రా రా అని చెయ్యి ఊపిండు. పోయిన. బండి కట్ట మీదికెల్లి ఒరిగింది. చార్జిషీటు నాకిచ్చిండ్రు. ఆయనను ఎవ్వలు అడగలే, ఆయన గూడ చెప్పలే. సస్పెండ్ అయినందుకు బాధ లేదన్నా. ఇయ్యాల్టికి నన్ను జూస్తే ఆయన తొవ్వ మారుస్తడు. గదే బాధ."

మామూలుగా చెప్పి లేచి వెళ్లాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ మాట ఇప్పుడే చెప్పాలా అనిపించింది.

పొద్దున లేచేసరికి అన్నయ్య కాగితాలు ముందేసుకుని రాస్తున్నాడు. రెండో టగ్గు సంగతి మొదటి పేజీలోనే ఉంది.

"ఎవరూ అడగనిది ఎందుకు రాస్తున్నావు?" అన్నాను.

"అడిగితే రాసేది జవాబు. ఇది జరిగింది."

"లైసెన్సు పోతే?"

"పోవచ్చు," అన్నాడు. సంతకం పెట్టి కాగితాలు మడిచాడు.

ఆ వారమే రామగుండంలో రైలెక్కించాను. వెళ్లిన మర్నాడే, వకీలుకు చెప్పకుండా, ఆసుపత్రికి పోయాడు. కార్మికుడి భార్య ముఖం తిప్పుకుందట. అతను మాత్రం, "ఆ రోజు తొందరేమిటి సార్?" అని ఒక్కటే అడిగాడట. గట్టు ఖాళీగా ఉంది, గాలి పెరిగేలోపు అయిపోతుందనుకున్నానని అన్నయ్య చెప్పాడట.

విచారణలో నష్టమంతా ఓడ యజమాని మీదే వేశారు. అన్నయ్య లైసెన్సు ఆరు నెలలు ఆపారు. వకీలు మాట విని ఉంటే హెచ్చరికతో పోయేదని తర్వాత తెలిసింది. ఆ సంగతి అన్నయ్య నవ్వుతూనే చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు మళ్లీ ఓడలెక్కుతున్నాడు. టీవీలో తుఫాను కబురు వస్తే ఫోన్ చేస్తాను. రాయకుండా ఉండాల్సిందని నాకు ఇంకా కొన్నిసార్లు అనిపిస్తుంది. ఆ మాట అతనితో అనలేదు.